సంఘసేవకుల శిక్షణ: మార్పుకాలమున నిబ్బరము

(వార్షిక మహాసభ రెండవనాటి సమావేశమునందు గావించిన యుపన్యాసము)



 నిన్నటి సమావేశమున విద్యానిధి, వివాహములయందలి దుర్వ్యయము, యువజనుల యుద్యోగములు మున్నగు విషయములు సవిస్తరముగా చర్చింపబడినవి. అవి యన్నియు మనము చేయవలసిన పనులు. ఆ పనులను చేయువా రెవరు, వారి నెవరు తయారుచేయుదురు అను ప్రశ్న నాకు మిగిలినది. జిల్లాశాఖల కార్యదర్శులకును, కోశాధికారులకును, మున్ముందు వారి స్థానములకు రాదగిన యువతీయువకులకును ఏటేట నొక శిక్షణ తరగతి నడుపవలెనని రేపు మీ ముందునకు నొక తీర్మానము రానున్నది. దానిని మీరేల యంగీకరింపవలయునో విన్నవించుటయే నా యుపన్యాసము యొక్క ముఖ్యోద్దేశము.

మార్పు మన గడపలోనికి వచ్చినది

కులసంఘములు పుట్టిన కాలమున వాని పని మిక్కిలి తేట. పల్లెనుండి పట్టణమునకు చదువుకొనవచ్చిన బాలునకు కూడును గూడును లేకుండెను. పెద్దలు నలుగురు కూడి చందా లెత్తి, ఒక యిల్లు అద్దెకు తీసికొని, వంటవాని నియమించి, వసతిగృహము తెరచిరి. హైదరాబాదున రాజబహద్దరు వేంకటరామారెడ్డిగారు 1918లో నెలకొల్పిన రెడ్డి వసతిగృహము జగద్విదితమే. అట్టివే వివిధ కులములవారు తెలుగునాట ననేక పట్టణములలో నెలకొల్పిరి. నాటి కార్యదర్శికి కావలసినవి ఓపిక, నిజాయితీ, చందాకై పదిమంది గుమ్మములెక్కు సిగ్గులేమి. ఈ మూడును ఉన్నవానికి సంఘము నడచెడిది.

నేడును ఈ మూడును కావలసినవే. కాని ఇవి చాలవు. గడచిన పాతికేండ్లలో మన సంఘములపై నెన్ని మార్పులు వచ్చిపడినవో యొక్కసారి స్మరింపుడు. 1860నాటి సంఘముల రిజిస్ట్రేషను చట్టము క్రిందను, తెలంగాణమున ఫసలీ 1350నాటి చట్టము క్రిందను నమోదైయున్న సంఘములన్నియు 2001లో వచ్చిన యొకే చట్టము క్రిందికి చేరినవి. 2014 జూన్ 2వ తేదీన రాష్ట్రము రెండైనది. ఆ దినమువరకు రాష్ట్రవ్యాప్తములైయున్న సంఘములకు ఆస్తి ఎవరిది, నిధి ఎవరిది, పేరెవరిది యను ప్రశ్నలు పుట్టినవి. 2020 మార్చి 25న దేశమంతయు మూతబడినది. వసతిగృహములలోని పిల్లలు ఊళ్లకు పోయిరి, వంటవారికి జీతమెట్లు చెల్లించుటయో తెలియలేదు, వార్షికసభ జరుపుటకు దారిలేకపోయినది. మరుసటి సంవత్సరము, 2021 ఏప్రిల్ 1 మొదలు, పూర్వము శాశ్వతముగా పొందిన ఆదాయపన్ను నమోదు చాలక, ధర్మసంస్థలన్నియు తిరిగి నమోదు కావలసివచ్చినది. ఆ నమోదైనను అయిదేండ్లకే చెల్లును. ఆదాయము పరిమితముగా నున్న సంస్థలకు పదేండ్ల గడువు 2025లో నొసగబడినది. 1961నాటి ఆదాయపన్ను చట్టమునకు బదులు 2025లో క్రొత్తచట్టము చేయబడి, అది 2026 ఏప్రిల్ 1 నుండి యమలునకు నిర్ణయింపబడినది.

వీనిలో నొక విషయము కులసంఘములకు ప్రత్యేకముగా తగులునది. 1961నాటి చట్టము పదుమూడవ విభాగము ప్రకారము, ఆ చట్టము అమలులోనికి వచ్చిన 1962 ఏప్రిల్ 1 తరువాత స్థాపింపబడిన ధర్మసంస్థ యొక్క కులమువారికి గాని, ఒక్క మతవర్గమువారికి గాని మాత్రమే యుపయోగపడు నెడల, దానికి పన్ను మినహాయింపు లేదు. షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, స్త్రీలు, బాలురు, వీరి కొరకైన సంస్థల కీ నిషేధము వర్తింపదు. ఈ నియమము తెలియక యెన్ని సంఘములలో నిబంధనావళిలోని యొక్క వాక్యము మూలమున తగవులు పుట్టినవో పెద్దలెరుగుదురు. వసతిగృహ ద్వారములు ఇతరులకును తెరువుదమని క్రొత్త కార్యదర్శి యనగానే, మా తండ్రుల చందాతో కట్టిన గోడలలో పరులకు చోటేల యని వృద్ధు లడుగుదురు. ఇరువురును సంఘమును ప్రేమించువారే. ఈ తగవును చట్టపుస్తకము తీర్పజాలదు, తీర్పవలసినది కార్యదర్శియే. అతని కిట్టి పనిని నేర్పిన వారెవరు?

నిబ్బర మన నేమి

మార్పుకాలమున నాయకునకు కావలసిన గుణమును మన పెద్దలు నిబ్బరమనిరి. ఇంతకంటె మంచిమాట నాకు దొరకలేదు. మొండితనము నిబ్బరము కాదు. పాతపద్ధతిని పట్టుకొని కదలకుండువాడు గట్టివానివలె కనపడును గాని, మార్పు మీదపడగానే విరుగువాడు వాడే. వచ్చిన ప్రతి మాటకును తలయూపుచు పోవుటయు నిబ్బరము కాదు. ఏది మారవలెనో, ఏది మారరాదో యెరిగి, మారవలసినదానిని మార్చుచున్నంతసేపు తాను కలత చెందక, తనవారిని కలతలో విడువక నిలుచుటయే నిబ్బరము.

సంస్థల నడవడిని పరిశీలించిన పాశ్చాత్యులు ఈ విషయమున కొంత కృషి చేసియున్నారు. 1947లో గతించిన కుర్ట్ లెవిన్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు, అలవాటు గడ్డకట్టియున్నంతకాలము మార్పు పొసగదనియు, మొదట దానిని కరిగించి, పిమ్మట మార్చి, తిరిగి గట్టిపడనీయవలెననియు చెప్పెను. విలియం బ్రిడ్జెస్ అను అమెరికా రచయిత 1991లో ప్రకటించిన గ్రంథమున మరియొక సూక్ష్మమును వివరించెను. మార్పు వెలుపల జరుగును, అది యొక్క దినములోనే జరిగిపోవచ్చును. దానికి తగినట్లు మనుష్యుల మనస్సు మరలుట లోపల జరుగును, దానికి కాలము పట్టును. ఆ మరలుటయందు మూడు దశలు గలవు: పాతదానికి వీడ్కోలు, పాతదియు పోయి క్రొత్తదియు కుదురుకొనని నడిమికాలము, క్రొత్త యారంభము. సంస్థలు చెడునది తరచుగా ఆ నడిమికాలముననే.

మన యనుభవమున కిది యెంత సరిపోవునో చూడుడు. రాష్ట్రము విడిపోయిన దొక్క దినమున. కాని ఇన్నేండ్లు ఒకే వేదికపై కూర్చున్న రెండు ప్రాంతములవారు, ఇక మనము వేరు సంఘములమని మనస్సునకు చెప్పుకొనుటకు ఎన్ని సభలు, ఎన్ని తగవులు పట్టినవి! వీడ్కోలు సరిగా చెప్పుకొనిన సంఘములు విడిపోయియు బంధువులుగా నిలిచినవి. చెప్పుకొననివి న్యాయస్థానముల మెట్లెక్కినవి. కావున ఏది పోవుచున్నదో దానిని గౌరవముతో సాగనంపుట నాయకుడు నేర్వవలసిన మొదటి విద్య.

మూడు నిదర్శనములు

ఇట్టి నిబ్బరము పుట్టుకతో వచ్చునా, నేర్చుకొనిన వచ్చునా యని కొందఱు సందేహింతురు. నేర్చుకొనిన వచ్చుననుటకు మన దేశమునుండియే మూడు నిదర్శనములు చూపెదను.

మొదటిది శ్రీరామకృష్ణ సంఘము. వివేకానందస్వామి 1897 మే 1వ తేదీన రామకృష్ణ మిషనును స్థాపించెను. ఆయన మహాతేజస్సు నెదుట నితరులెవరును కనపడుట కష్టము. అట్టివాడు తాను జీవించియుండగనే, 1901 జనవరిలో, బేలూరు మఠముయొక్క ఆస్తినంతయు ధర్మకర్తల పేర పత్రము వ్రాసి యొప్పగించెను. మరుసటి మాసముననే బ్రహ్మానందస్వామి అధ్యక్షుడుగా నెన్నుకొనబడెను. 1902 జూలై 4న వివేకానందులు పరమపదించునాటికి అధికారము చేతులు మారి యేడాదికి పైబడినది. క్రొత్త యధ్యక్షుడు పని నేర్చుకొనుచున్నపుడు అడుగుటకు స్థాపకుడు ప్రక్కనే యుండెను. తరువాత 1909లో మిషను 1860నాటి చట్టము క్రింద నమోదైనది. అంతటి మహనీయుడే, నా తరువాత నెవరని ముందుగా నాలోచించియుండగా, ముప్పదియేండ్లుగా నొక్కరే కార్యదర్శిగా నున్న మన శాఖలు ఆ యాలోచనను వాయిదావేయుట తగునా?

రెండవది భారతసేవక సంఘము. గోపాలకృష్ణ గోఖలేగారు 1905 జూన్ 12న పూనాలో దీనిని స్థాపించిరి. దేశసేవకు ఉత్సాహము చాలదు, తయారీ కావలెనని వారి నిశ్చయము. కావున చేరిన ప్రతి సభ్యుడును అయిదేండ్లు శిక్షణలో నుండవలెనని నియమము చేసిరి. గ్రంథపఠనము, దేశసంచారము, పెద్దల పర్యవేక్షణమున పని, ఇవి యా శిక్షణలోని భాగములు. 1915 ఫిబ్రవరి 19న గోఖలేగారు నలువది తొమ్మిదవయేటనే గతించిరి. స్థాపకుడే ప్రాణమైయున్న సంస్థ పదేండ్లైనను నిండకమునుపే దిక్కులేనిదైనట్లు లోకమునకు తోచెను. పైగా, గాంధీగారిని సభ్యునిగా చేర్చుకొనుటయా మానుటయా యను ప్రశ్నపై సభ్యులలో భేదాభిప్రాయము లేర్పడెను. గాంధీగారు దానిని గ్రహించి తమ కోరికను తామే యుపసంహరించుకొనిరి. తిరువల్లిక్కేణి హిందూ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయులుగా నుండి, 1907లో సంఘమున చేరిన శ్రీనివాసశాస్త్రిగారు అధ్యక్షులైరి. సంఘము విచ్ఛిన్నము కాలేదు. ఎన్.ఎమ్. జోషీగారు కార్మికులలోను, ఠక్కరుబాపాగారు భిల్లులలోను హరిజనులలోను, హృదయనాథ కుంజ్రూగారు శాసనసభలలోను పనిచేసి, ఒక్క వ్యక్తి పోయిన చోట పలువురు నిలిచిరి. వారి నట్లు నిలిపినది ఆ శిక్షణయే.

మూడవది మన యాంధ్రదేశముది. 1914 ఏప్రిల్ మాసమున బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు మున్నగువారు ఊరూర గ్రంథాలయములు స్థాపింపజేసిరి. పాతూరి నాగభూషణముగారు 1935లో కృష్ణాడెల్టా కాలువమీద పడవలో పుస్తకములు నింపి తీరగ్రామములకు పంపిరి. ఇదియంతయు ప్రజల చందాలతో, స్వచ్ఛందసేవతో జరిగిన కార్యము. ఇంతలో 1948లో మద్రాసు ప్రభుత్వము గ్రంథాలయముల చట్టము చేసినది. హైదరాబాదు రాష్ట్రమున 1955లోను, ఆంధ్రప్రదేశమున 1960లోను చట్టములు వచ్చినవి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయపన్ను వసూలుచేసి, జిల్లాసంస్థల ద్వారా ప్రభుత్వమే గ్రంథాలయములు నడుపసాగెను. ముప్పదినాలుగేండ్లు కోరి పోరాడిన కోరిక ఫలించెను. కాని ఫలించిన దినముననే సంఘమునకు సహజముగా నొక ప్రశ్న పుట్టినది: ఇక మన పని యేమి?

సోదరులారా! ఓటమి వలన చెడిన సంఘములను మీరు చూచియుందురు. గెలుపు వలన చెడిన సంఘములును కలవు. తన పనిని ప్రభుత్వము చేపట్టగానే అలిగి కూర్చుండుటయో, వార్షికోత్సవములతో కాలక్షేపము చేయుటయో వానికి గతి. గ్రంథాలయ సంఘమట్లు చేయలేదు. గ్రంథాలయములు పెరిగిన కొలది వానిని నడుపగల శిక్షితులు కావలెను గదా! సంఘము విజయవాడలో గ్రంథాలయశాస్త్ర శిక్షణమును చేపట్టి, గ్రంథపాలకులను తయారుచేసినది. పుస్తకము ప్రజలకు చేరవలెనను నుద్దేశము మారలేదు, దానిని నెరవేర్చు మార్గము మారినది. ఉద్దేశమును మార్గమును వేరుపరచి చూడగలిగిన సంఘమునకు మార్పు మరణము కాదు.

ఇప్పుడు వసతిగృహపు తగవును మరల తలచుకొనుడు. మన పెద్దల యుద్దేశమేమి? దిక్కులేని విద్యార్థి చదువు ఆగరాదని. మన కులమువారికి మాత్రమే యనునది యుద్దేశమా, నాటి మార్గమా? ఈ ప్రశ్నకు నా సమాధానమును మీపై రుద్దను. చందాదారుల కిచ్చిన మాటకును విలువ కలదు, చట్టమునకును విలువ కలదు. కాని ప్రశ్నను ఈ రూపమున సభ ముందుంచగల కార్యదర్శి యున్నచోట తగవు విచారణ యగును. లేనిచోట విచారణయే తగవగును.

శిక్షణ యెట్లుండవలెను

ఇక ప్రతిపాదిత శిక్షణలో నేమి నేర్పవలెనో నా యభిప్రాయములను మనవిచేసెదను. మహోపన్యాసములు వినిపించి, శాలువలు కప్పి పంపుట శిక్షణ కాదు. చేతులతో చేసి నేర్చుకొనవలసిన పనులే యధికము.

మొదటిది, పత్రములు, లెక్కలు. ఇది నిబ్బరమునకు సంబంధించినదేనా యని కొందఱు నవ్వవచ్చును. సంఘములు కూలుట కనేకపర్యాయములు మొదటి కారణమిదియే. కార్యదర్శి ఆకస్మికముగా మరణించును. రిజిస్ట్రేషను పత్రము వారి యింటి బీరువాలో నెక్కడనో యుండును. బ్యాంకులో సంతకము ఒక్కరిదే. పన్నుశాఖ వారి సంకేతపదము మృతుని సెల్‌ఫోనులో నుండును. ఆస్తిపన్ను రసీదులు దొరకవు. ఏటేట కార్యవర్గపు పట్టికను రిజిస్ట్రారునకు పంపినది లేదు. కావున ఎదురుగా నున్న కార్యవర్గము నిజముగా నెన్నికైనదో కాదో నిరూపించుటకు కాగితము లేదు. దుఃఖములో నున్న కుటుంబమును తాళపుచెవు లడుగవలసిన దుర్గతి పట్టును. ఇట్టి సంఘముల నెరుగని వారీ సభలో నుండరు. కావున శిక్షణకు వచ్చు ప్రతి కార్యదర్శియు తన శాఖయొక్క పత్రముల జాబితాను, ఆస్తుల జాబితాను, గడువుల పట్టికను వ్రాసి తీసికొనిరావలెను. తరగతిలోనే దానిని సరిచూడవలెను. ఒక ప్రతి శాఖలోను, ఒక ప్రతి కేంద్రములోను భద్రపరుపవలెను. బ్యాంకు వ్యవహారమునకు ఇద్దఱు ముగ్గురి సంతకములుండవలెను. ఆరు మాసముల ఖర్చునకు సరిపడు సొమ్ము విడిగా నుంచుట యభ్యాసము చేసికొనవలెను. కరోనాకాలమున వంటవారికి జీతము లాగకుండ చెల్లించుట కుపయోగపడునట్టి నిధి యిదియే. ఇంత మాత్రము చక్కబడినను, మన శాఖల భయములో సగము తీరును.

రెండవది, సభ్యులకు నిజము చెప్పుట. మార్పు వచ్చినపుడు మౌనము వహించు నాయకునికంటె సంఘమునకు చెరుపు చేయువాడు లేడు. నిజము చెప్పని చోట వదంతి పుట్టును. పూర్వము వదంతి రచ్చబండ దాటుటకు రెండు దినములు పట్టెడిది, నేడు వాట్సాపులో రెండు నిమిషములు చాలును. మనకు తెలిసినదేమి, తెలియనిదేమి, ఎప్పటికి తెలియును, అంతవరకు నేమి మారదు, అను నాలుగు విషయములను వ్రాసి సభ్యులకు పంపుట నేర్పవలెను. అప్రియమైన వార్తను సభలో నిలిచి చెప్పుట, కోపముతో లేచినవాని మాటను పూర్తిగా విని దాని సారమును తిరిగి యతనికే వినిపించి పిమ్మట సమాధాన మిచ్చుట, వ్యక్తిని విడిచి విషయమును చర్చించుట, ఇవి తరగతిలో నభ్యాసము చేయింపదగిన విద్యలు. ఇద్దఱు వృద్ధసభ్యులుగా, ఒకరు కార్యదర్శిగా నటించి, వసతిగృహపు తగవునే చర్చింపుడు. నాటకమాడించినట్లుండును గాని, నిజమైన సభలో నోరు తడబడనీయని సాధన యిదియే.

మూడవది, రెండవ మనిషిని తయారుచేయుట. చేనేత మగ్గమును చూచిన వారికి తెలియును. పడుగు పూర్తికావచ్చినపుడు పాత పోగులను మగ్గమునుండి తెంచి పారవేయరు. ఆ కొసలకే క్రొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా నతుకుదురు. వందలకొలది పోగులు, ఓపికతో చేయవలసిన పని. ఒకసారి యతికిన పిమ్మట క్రొత్త పడుగు పాత దారిననే అచ్చులోనుండి నడచివచ్చును. పదవుల మార్పిడియు నిట్లే జరుగవలెను. పాత కార్యదర్శి పదవి వీడుటకు సంవత్సరము ముందే సహాయకార్యదర్శి ప్రక్కన కూర్చుండి, ఒక్కొక్క పని, ఒక్కొక్క పరిచయము, ఒక్కొక్క దాతయొక్క స్వభావము నేర్చుకొనవలెను. కావున శిక్షణ తరగతికి ఏ శాఖనుండియు నొక్కరు రాకూడదు. పదవిలో నున్నవారొకరు, రాదగినవారొకరు, ఇద్దఱు కలిసి రావలెను. అట్లు రాని శాఖను తిరిగి పంపినను తప్పులేదని నా యభిప్రాయము.

ఈ సందర్భమున సోదరీమణులను గూర్చి యొక మాట. 1937లో మద్రాసున దుర్గాబాయిగారు స్థాపించిన ఆంధ్ర మహిళాసభ చదువు మధ్యలో నాగిపోయిన స్త్రీలను చేరదీసి పరీక్షలకు సిద్ధపరచినది. భాషారాష్ట్రముల యేర్పాటునకు తరువాత హైదరాబాదునకు విస్తరించి, విద్యాలయములను వైద్యాలయములను నడిపినది. 1981లో వారు గతించిన తరువాతను సభ నిలిచినది. సాయము పొందవచ్చిన స్త్రీలనే సాయము చేయువారినిగా తీర్చుట యందలి బలమట్టిది. మన సంఘములలో వంటశాలనుండి వివాహవేదికవరకు పని చేయుచున్న స్త్రీలు కార్యవర్గపు పట్టికలో నేల కనపడరు? రెండవ మనిషి దొరకుటలేదని విలపించు శాఖలు ముందుగా తమ యిండ్లలో వెదకవలెను.

నాలుగవది, కష్టమును ముందుగా నూహించుట. తుపాను రాకమునుపే పడవను త్రాళ్లతో బిగించుకొనుట మన తీరప్రాంతములవారికి తెలిసినదే. రేపు ప్రధానదాత చేయూత మానినచో నేమి చేయుదుము? వసతిగృహమునకు విద్యార్థులు సగమైనచో నేమి చేయుదుము? నమోదు గడువు దాటినచో? ఇట్టి ప్రశ్నలకు శాఖలవారు కూర్చుండి ఒక్కొక్క పుటలో సమాధానము వ్రాయవలెను. ఊహించినది జరుగకపోవచ్చును. కాని ఒకసారి కలిసి యాలోచించిన వారు, ఊహింపనిది జరిగినను, ఒకరి మొగ మొకరు చూచుకొని బెదరరు.

ఐదవది, సేవకుని గూర్చిన చింత. సంఘసేవకుడును మనిషియే. పగలు తన వ్యాపారమో యుద్యోగమో, సాయంకాలము సంఘము, రాత్రి ఫోనులో నిందలు. మార్పుకాలమున ఈ భారము ఇబ్బడి ముబ్బడి యగును. అలసినవాడు కోపించును, కోపించినవాడు ఒంటరియగును, ఒంటరియైనవాడు పదవినైన వదలును, పదవిని పట్టుకొని యెవరినైన దూరము చేయును. కావున పదవికి కాలపరిమితి యుండవలెను. కార్యదర్శికి సెలవుండవలెను, ఆ సెలవులో సహాయకార్యదర్శి పని చేయవలెను. పదవి వీడినవారిని సలహాసంఘమున గౌరవముగా నుంచి, వారి మాట వినవలెను. జిల్లాల కార్యదర్శులు మూడు మాసముల కొకసారి కూడి, ఎవరికి వచ్చిన చిక్కులను వారు నిస్సంకోచముగా చెప్పుకొను వాడుక పెట్టుకొనవలెను. ఇతరులకును ఇదే కష్టము కలదని తెలియుటయే సగము బలము.

ఆక్షేపణలు

తీర్మానమును గూర్చి నా చెవిని బడిన యాక్షేపణలు రెండు మూడు కలవు. సేవచేయువానికి జీతము లేదు, అతనికి శిక్షణయని షరతు పెట్టిన నెవడు వచ్చునని కొందఱందురు. వచ్చువారు తగ్గవచ్చును. కాని ఏమియు నేర్పక పదవిలో కూర్చుండబెట్టి, మొదటి గాలివానకే నిందలపాలు చేసినందువలన నెందఱు మంచివారు సంఘమునకు దూరమైరో, ఆ లెక్కయు చూడవలెను. జీతము లేని సేవకునకు సంఘము చేయగల ప్రత్యుపకారము అతని పనిని అతనికి తేలికపరచుటయే.

ఖర్చెక్కడిదని మరికొందఱందురు. మన వసతిగృహములు వేసవిసెలవులలో ఖాళీగా నుండును. అక్కడనే మూడు దినములు బసచేసి, అక్కడి వంటనే భుజించి, నేర్చుకొనవచ్చును. నేర్పుటకు మన కులమున లెక్కల తనిఖీదారులు, న్యాయవాదులు, ఉపాధ్యాయులు, పదవీవిరమణ చేసిన యధికారులు కొదువలేదు. ఇతర కులసంఘములవారిని గూడ నాహ్వానించిన మరియు మేలు, వారి చిక్కులును మన చిక్కులే. ఈ మహాసభ పందిరికిని తోరణములకును చేసిన వ్యయములో స్వల్పభాగము చాలును.

యువకులు నేర్చుకొని పెద్దలను ధిక్కరింతురని మూడవ యాక్షేపణ. ఇది బాహాటముగా నెవరును పలుకరు గాని, మనస్సులలో కలదు. పని నేర్పిన గురువును శిష్యుడు ధిక్కరించుట యరుదు. పని నేర్పక, తలుపువెలుపల నిలువబెట్టిన యువకుడే ఒకనాడు తలుపు విరుగగొట్టును, లేదా మరియొక సంఘము పెట్టుకొని పోవును. ఒకే యూరిలో ఒకే కులమునకు రెండేసి సంఘములేల వెలసినవో విచారించిన, ఈ సత్యము బోధపడును.

విన్నపము

కులబాంధవులారా! శిక్షణవలన మార్పు ఆగదు. చట్టములు మారుచునే యుండును, నాయకులు గతించుచునే యుందురు, మన పిల్లల యవసరములు మన యూహకందని రీతుల మారును. నిన్నటివరకు కూడు గూడు కోరిన విద్యార్థి నేడు విదేశవిద్యకు దారి యడుగుచున్నాడు. రేపేమి యడుగునో! అయినను, సాయము కోరి యెవరైనను మన గడప తొక్కినపుడు తలుపు తెరచువారుండవలెను, తెరచినవారికి తాళపుచెవు లెక్కడనున్నవో తెలిసియుండవలెను. సంఘముయొక్క నిబ్బరమన నింతియే. అది యొక్క వీరుని గుండెలో నుండరాదు. అట్లున్నచో అతనితోనే పోవును. అది పలువురి చేతులలో పనిగా, అలవాటుగా, వ్రాసిన కాగితముగా, మాటాడుకొను వాడుకగా నుండవలెను.

కావున రేపటి తీర్మానమును చప్పట్లతో నంగీకరించి మరచిపోక, ప్రతి శాఖయు తన తరపున వచ్చు నిద్దఱి పేర్లను ఈ సభ ముగియకమునుపే కార్యాలయమున వ్రాయించి పోవలెనని ప్రార్థించుచున్నాను. ఒకరు పదవిలో నున్నవారు, ఒకరు రానున్నవారు. రానున్నవారి పేరు వ్రాయుటకు మీ కలము వెనుదీసిన యెడల, మీ శాఖకే ఈ శిక్షణ యందఱికంటె ముందు కావలెనని గ్రహింపుడు.